వెయిటింగ్ ఉందంటే ఆ చికెన్ బాగున్నట్టే

అమెరికాలోని పెరూ రోస్ట్ చికెన్ షాపుల గురించి జనం రాసే రివ్యూలు చదివినప్పుడల్లా నాకు మనసు ఊరుకోదు. చికెన్ షాపుకి వెళ్తే చికెన్ రెడీగా లేదన్నారు, ఇరవై నిమిషాలు నిలబెట్టారు, అందుకే ఒక్క స్టార్ అని రాసేస్తారు. ఆ ఇరవై నిమిషాలే ఆ షాపు మీకు చేసిన మర్యాద అని నేనంటాను. ఎప్పుడో కాల్చి గాజు పెట్టెలో బల్బు కింద పెట్టిన కోడిని రెండు నిమిషాల్లో చేతికిచ్చే చోటేమో మంచి సర్వీసు అని మెచ్చుకుంటారు, ఊచ మీద నుంచి అప్పుడే తీసి మన కళ్ళ ముందు కొట్టి ఇచ్చే చోటేమో స్లో అని తిడతారు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

నేనుండేది అమెరికా రాజధాని వాషింగ్టన్ పక్కన, ఉత్తర వర్జీనియాలో. ఇక్కడ ఆర్లింగ్టన్ నుంచి మొదలుపెడితే ఫాల్స్ చర్చ్, హెర్న్‌డన్, స్టెర్లింగ్, మనాసస్ దాకా, నది దాటితే మేరీలాండ్‌లో వీటన్ వైపు కూడా, ఏదో ఒక స్ట్రిప్ మాల్‌లో లాండ్రీకి, మనీ ట్రాన్స్‌ఫర్ షాపుకి మధ్య ఒక పెరూ చికెన్ షాపు ఉంటుంది. అమెరికాలో వాషింగ్టన్ చుట్టుపక్కల ఉన్నన్ని ఈ షాపులు చాలా ఊళ్ళలో కనబడవు. 1980ల నుంచి పెరూ వాళ్ళు, బొలీవియా వాళ్ళు, ఎల్ సాల్వడార్ వాళ్ళు ఈ వైపు బాగా వచ్చి స్థిరపడ్డారు, వాళ్ళతో పాటే ఈ పొయ్యిలూ వచ్చాయి. ఆర్లింగ్టన్‌లోని ఎల్ పోయో రీకో అనే షాపుకైతే ఎంత పేరు పడిందంటే అమెరికన్ చెఫ్ ఆంథొనీ బోర్డెయిన్ తన టీవీ షో కోసం వచ్చి తిని వెళ్ళాడు. ఆ తర్వాత మన తెలుగువాళ్ళు ఆష్‌బర్న్, షాంటిలీ, సౌత్ రైడింగ్ అంతా నిండిపోయాక ఈ షాపుల లైన్లలో మనమూ ఒక పెద్ద భాగమయ్యాం. శనివారం క్రికెట్ అయ్యాక చెమట టీషర్టులతో పది మంది వచ్చి రెండు టేబుళ్ళు కలిపి కూర్చుంటే నూటికి తొంభై పాళ్ళు మనవాళ్ళే.

ఈ చికెన్‌ని పెరూ వాళ్ళు పోయో ఆ లా బ్రాసా అంటారు. ఎందుకు ఆలస్యమవుతుందో తెలియాలంటే ఆ పొయ్యి ఎలా పనిచేస్తుందో తెలియాలి. మూడు పౌండ్ల దగ్గర ఉండే కోడిని ముక్కలు కొట్టకుండా చర్మంతో సహా మొత్తంగా, జీలకర్ర, వెల్లుల్లి, మిరియాలు, సోయా సాస్, వెనిగర్, పెరూ ఎండుమిరప ముద్ద, ఇలా ఎవరి లెక్క వాళ్ళది, పట్టించి రాత్రంతా నానబెడతారు. తర్వాత ఒక్కో ఇనుప ఊచకి వరసగా నాలుగైదు గుచ్చి బొగ్గుల పొయ్యిలో పెడతారు. ఊచలన్నీ తమ చుట్టూ తాము తిరుగుతూ మళ్ళీ అన్నీ కలిసి ఒక చక్రంలా కూడా తిరుగుతాయి, కాబట్టి పైనున్న కోడి కొవ్వు కరిగి కిందనున్న కోడి మీద పడుతుంది, కాసేపటికి కిందది పైకి వెళ్తుంది. మనిషి చేత్తో నూనె పూయక్కర్లేదు, ఒకదానికొకటి పూసుకుంటాయి. ఇలా గంట, గంటంబావు తిరగాలి. నిప్పు ఎక్కువ పెట్టి తొందరపెడితే పైన చర్మం నల్లబడుతుంది, లోపల తొడ దగ్గర పచ్చిగా ఉంటుంది. అంటే ఇప్పుడు మీరు తినబోయే కోడిని ఎన్ని గుచ్చాలో షాపు వాళ్ళు గంటన్నర ముందే అంచనా వేసుకోవాలి. ఎక్కువ గుచ్చితే మిగిలిపోయి ఎండిపోతాయి, తక్కువ గుచ్చితే మీరు నిలబడాలి. మంచి షాపువాడు తక్కువ వైపే మొగ్గుతాడు. కౌంటర్ దగ్గర అమ్మాయి పొయ్యి వైపు ఒకసారి చూసి "పదిహేను నిమిషాలు పడుతుంది సార్, పర్లేదా" అని అడిగిందంటే నా మట్టుకు అంతకంటే మంచి మాట లేదు.

మన ఊళ్ళో మంచి బిర్యానీ హోటల్‌కి మధ్యాహ్నం మూడింటికి వెళ్తే హండీ అయిపోయింది అంటారు. అప్పుడు మనం కోప్పడం, రేపు పెందలాడే రావాలి అనుకుంటాం, పైగా నలుగురికి గొప్పగా చెబుతాం కూడా. ఇక్కడ మాత్రం అదే మాట వింటే ఎందుకు కోపం వస్తుందో నాకు అర్థం కాదు.

ఈ పొయ్యి వెనక కథ కూడా నాకు చాలా ఇష్టం. రోజర్ షూలర్ అని ఒక స్విట్జర్లాండ్ ఆయన లిమా నగరం శివార్లలో సాంతా క్లారా అనే చోట కోళ్ళ ఫారం నడిపేవాడు. తన వంటమనిషి కోడిని బొగ్గుల మీద ఊచకి గుచ్చి కాల్చడం చూసి, దాన్నే అమ్మితే ఎలా ఉంటుందని 1950 ప్రాంతంలో లా గ్రాంహా అసూల్ అనే హోటల్ మొదలుపెట్టాడు. చేత్తో తిప్పుతూ ఎంతమందికని కాలుస్తారు? అందుకని ఫ్రాంజ్ ఉల్రిచ్ అనే ఇంకో స్విస్ ఆయన్ని అడిగితే, లోహపు పని తెలిసిన ఆయన కాబట్టి చాలా కోళ్ళు ఒకేసారి తిరిగే ఈ యంత్రం తయారు చేసి ఇచ్చాడు. మొదట్లో ఉప్పు తప్ప పెద్దగా మసాలా ఏమీ లేదని చెబుతారు, జీలకర్ర, సోయా సాస్, మిరప ముద్ద ఇవన్నీ తర్వాత తర్వాత వీధి వీధికీ షాపులు పుట్టాక చేరాయి. సోయా సాస్ ఎక్కడిదంటే పెరూలో చైనా వాళ్ళు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నారు, వాళ్ళ వంట అక్కడి వంటలో కలిసిపోయింది. డబ్బున్నవాళ్ళు కార్లలో ఊరి బయటికి వెళ్ళి తినే తిండిగా మొదలై చివరికి ప్రతి కుటుంబం ఆదివారం తినే తిండి అయింది. 2004లో పెరూ ప్రభుత్వం దీన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది, జూలై మూడో ఆదివారం దీనికంటూ ఒక పండగ రోజే ఉంది. ఒక యంత్రం, కొన్ని బొగ్గులు, ఒక కోడి, దాని మీద ఒక దేశానికి ఇంత ప్రేమ. నాకు అది సహజంగానే అనిపిస్తుంది, తిన్నవాళ్ళకి ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

బొగ్గు మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. కిందటి వేసవిలో మా మావగారు కావలి నుంచి వచ్చారు. బయటి తిండి ఆయనకి ఓ పట్టాన నచ్చదు, పిజ్జా అంటే ముఖం తిప్పుకుంటారు, బర్గర్ చూస్తే ఇది ఎలా పట్టుకోవాలి బాబూ అంటారు. ఆయన్ని ఈ షాపుకి తీసుకెళ్ళాను. కారు దిగి ఇంకా తలుపు దగ్గరికి కూడా వెళ్ళలేదు, పార్కింగ్‌లోనే ఆగిపోయి గాలి పీల్చి "ఏమండీ అల్లుడుగారూ, ఇక్కడ సర్కారు తుమ్మ బొగ్గు కాలుస్తున్నారా ఏంటి?" అన్నారు. వెనక తలుపు దగ్గర బొగ్గు బస్తాలు పేర్చి ఉన్నాయి, వాటి మీద మెస్కీట్ అని రాసి ఉంది. చిన్నప్పుడు మా మావగారి ఊరి చుట్టూ ఆ కంపలు కొట్టి బట్టీలు పెట్టి బొగ్గు చేసేవాళ్ళట, ఆ వాసన ఆయనకి కొత్త కాదు. ఆయన ముక్కు సరిగ్గానే పట్టింది. పెరూ ఉత్తరాన పియురా, లంబాయేకె వైపు ఎండు అడవుల్లో పెరిగే అల్గరోబో చెట్టు, అమెరికా మెస్కీట్, మన సర్కారు తుమ్మ, ఈ మూడూ దగ్గరి చుట్టాలు. మన దగ్గరిది అసలు మన దేశపు చెట్టు కాదు, 1877లో జమైకా విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో వంటచెరుకు కోసం నాటించారు, అక్కడినుంచి ఊళ్ళకి ఊళ్ళు కమ్మేసింది. పెరూలో మాత్రం కథ ఇంకో రకం, చికెన్ పొయ్యిల కోసం అల్గరోబో చెట్లు విపరీతంగా నరికేసి అడవి పలచబడింది, అక్రమంగా నరికిన బొగ్గు మీద దాడులు కూడా చేస్తుంటారు. ఒక చోట వద్దన్నా పెరిగే చెట్టు, ఇంకో చోట కాపాడుకోవాల్సిన చెట్టు. మావగారికి ఇదంతా చెబితే శ్రద్ధగా విని, "అయితే మన కావలిలో ఈ పొయ్యి పెడితే బొగ్గుకి ఇబ్బందే లేదు" అన్నారు. ఆయన మాట తీసేయాల్సింది కాదు, ఎవరైనా ఆలోచించండి.

అందుకే కొత్త షాపుకి వెళ్ళేటప్పుడు ముందు ముక్కుతో చూడండి. పొగ వాసన పార్కింగ్ దాకా రావాలి. కొన్నిచోట్ల గ్యాస్ మీదే తిప్పుతారు, చికెన్ తప్పుగా ఉంటుందని కాదు, మెత్తగానే ఉడుకుతుంది, కానీ కొవ్వు చుక్క నిప్పు మీద పడి లేచే ఆ పొగ చర్మానికి పట్టదు, ఆ పొగ లేకపోతే దానికి వేరే చోట దొరికే రోస్ట్ చికెన్‌కీ తేడా ఏముంది. కాస్ట్‌కో అనే పెద్ద హోల్‌సేల్ స్టోర్‌లో 4.99 డాలర్లకి కోడి మొత్తం వస్తుంటే ఇక్కడ అంతకి మూడు నాలుగు రెట్లు ఎందుకు పెట్టాలి అని మా ఫ్రెండ్స్‌లో ఒకరు ప్రతిసారీ అడుగుతారు. కాస్ట్‌కో కోడి మీద నాకు కోపం లేదు, వారం మధ్యలో మా ఇంట్లో కూడా అదే తింటాం. కానీ అది బొగ్గు మీద కాల్చింది కాదు, జీలకర్ర వెల్లుల్లి పట్టి రాత్రంతా నానింది కాదు, వేడి వేడిగా కత్తి కింద పడి ఆవిరి పైకి లేచింది కాదు. రెండూ కోళ్ళే, ధర పోల్చడానికి అదొక్కటే చాలదు.

ఇప్పుడు ఫిర్యాదుల సంగతి. రివ్యూల్లో నిలబెట్టారు అనే దాని తర్వాత ఎక్కువ కనిపించేది ఎముక దగ్గర ఎర్రగా ఉంది, పచ్చి చికెన్ పెట్టారు అని. ఇది భయపడాల్సిన విషయమే కాబట్టి తేలిగ్గా తీసేయను. కానీ ఈ షాపుల్లో వాడేవి లేత కోళ్ళు, వాటి ఎముక ఇంకా గట్టిపడి ఉండదు, లోపలి మూలుగ రంగు బయటికి వచ్చి చుట్టూ ఉన్న కండకి పడుతుంది, పూర్తిగా ఉడికినా ఆ ఎరుపు పోదు. రంగు చూసి ఉడికిందో లేదో చెప్పలేం. లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 74 సెల్సియస్, వచ్చిందా లేదా అన్నదే అసలు లెక్క. తొడ దగ్గర కండ రబ్బరులా సాగుతూ, మెరుస్తూ, ఎముక నుంచి ఊడి రాకపోతే అది పచ్చి, వెంటనే వెనక్కివ్వండి, మొహమాటపడకండి, మంచి షాపులో ఎవరూ ఎదురు మాట్లాడరు. కండ మెత్తగా విడిపోతూ ఎముక పక్కన మాత్రమే ఎర్రగా ఉంటే, ఆ ఎరుపు ఒక్కటీ చూసి భయపడక్కర్లేదు.

ఇంకో ఫిర్యాదు బ్రెస్ట్ ముక్క ఎండిపోయింది అని. దీనికి మందు మన దగ్గరే ఉంది. ఇక్కడ క్వార్టర్ చికెన్ అడిగితే డార్కా వైటా అంటారు, డార్క్ అంటే కాలూ తొడా, వైట్ అంటే రెక్కా రొమ్మూ. చాలా షాపుల్లో వైట్‌కి కొంచెం ఎక్కువ తీసుకుంటారు కూడా, ఇక్కడివాళ్ళకి అదంటే ఇష్టం కాబట్టి. మనం ఎలాగూ లెగ్ పీస్ మనుషులం, తక్కువ ధరకి బాగున్న ముక్క మనకొస్తోంది, ఇంతకంటే ఏం కావాలి. వైట్ కావాలనుకుంటే మాత్రం రద్దీ టైంలోనే తీసుకోండి. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర మధ్యలో, లంచ్ మిగిలినవి ఉండి డిన్నర్‌వి ఇంకా ఎక్కని టైంలో, రొమ్ము ముక్క తింటే ఎక్కడైనా పొడిపొడిగానే ఉంటుంది. పన్నెండుంబావు, సాయంత్రం ఆరున్నర, ఆదివారం అయితే ఒంటిగంట, ఇవీ వెళ్ళాల్సిన టైములు. లైన్ ఉంటుంది. ఉండనివ్వండి. లైన్ ఉంటేనే ఊచలు ఖాళీ అవుతుంటాయి, ఊచలు ఖాళీ అవుతుంటేనే మీకు కొత్తది వస్తుంది.

పొగడ్తలే కాదు, చెడ్డ అనుభవమూ చెబుతాను. ఇంటికి దగ్గరలో ఉన్న ఒక షాపు, పేరు రాయను, రాత్రి మూసే ముందు వెళ్తే ముక్కలని మైక్రోవేవ్‌లో వేడి చేసి పైన మిరప సాస్ ఇంకాస్త ఎక్కువ పోసి ఇచ్చారు. చర్మం తోలులా సాగింది, లోపల పీచు పీచుగా ఉంది, ముందు రోజుదో పొద్దుటిదో తెలియదు గానీ ఊచ మీద నుంచి వచ్చింది మాత్రం కాదు. నాకు బాధనిపించింది ముక్క గురించి కాదు, పక్క టేబుల్ దగ్గర ఇళ్ళకి డ్రైవాల్ గోడ పలకలు బిగించే పని చేసి ఆ దుమ్ము బట్టలతోనే వచ్చిన ఇద్దరు మనుషులకీ అదే పెట్టారు. పొద్దున్నుంచీ ఒళ్ళు వంచి పనిచేసి, ఉన్న పది పదిహేను డాలర్లలో వేడి అన్నం, ముక్క తిందామని వచ్చిన మనిషికి అలాంటిది పెట్టకూడదు. అయిపోయింది అని చెప్పినా సరిపోయేది. ఆ షాపుకి మళ్ళీ వెళ్ళలేదు, అక్కడ మాత్రం వెయిటింగ్ ఎప్పుడూ ఉండదు.

ఈ షాపుల్లో నాకు బాగా నచ్చేది ఆ మనుషులే. ఒకే లైన్లో పెయింటర్లు, టై కట్టుకున్న గవర్నమెంట్ ఉద్యోగులు, స్కూల్ సాకర్ డ్రెస్సుల్లో పిల్లలు, చర్చి నుంచి నేరుగా వచ్చిన తాతామామ్మలు, ల్యాప్‌టాప్ బ్యాగులతో మనం. ఎవరికీ వేరే మర్యాద లేదు, అదే ప్లాస్టిక్ ట్రే, అదే ముక్క. కౌంటర్ వెనక పెద్ద చెక్క మొద్దు ముందు ఒకాయన నిలబడి ఉంటాడు. ఊచ మీద నుంచి దించిన కోడిని ఒక చేత్తో నిలబెట్టి బరువైన కత్తితో నాలుగు దెబ్బల్లో నాలుగు సమానమైన భాగాలు చేస్తాడు, ఎముక చిట్లదు, చర్మం జారిపోదు. మన ఊళ్ళో చికెన్ షాపులో ముక్కలు కొట్టేవాళ్ళ చేతి నేర్పు చూస్తూ పెరిగినవాణ్ణి నేను, ఈయన చేతి నేర్పు చూస్తూ నిలబడితే ఇరవై నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి. బాగుందని ఆయనకి చెప్పండి. కౌంటర్ అమ్మాయికి అందరూ థాంక్స్ చెబుతారు, మధ్యాహ్నమంతా ఆ సెగ పక్కన నిలబడ్డవాడికి ఎవరూ చెప్పరు. టిప్ విషయంలో కూడా తెర మీద నంబర్ నొక్కడమే కాకుండా డబ్బా ఉంటే అందులో రెండు నోట్లు వేయండి.

సాసుల గురించి రాయకపోతే మనవాళ్ళు ఊరుకోరు. మూతలున్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో రెండు ఇస్తారు, ఒకటి మయొనీజ్ లాంటి లేత పసుపుది, ఇంకోటి పచ్చది. పచ్చదే అసలుది. పెరూలో అయితే అహీ అమరీయో అనే పసుపు మిరపకాయ, వకటాయ్ అనే ఆకు వేసి నూరతారు, ఆ ఆకు బంతి జాతి మొక్కది, ఘాటుగా పుదీనాకీ తులసికీ మధ్యలో ఉండే వాసన. ఇక్కడ ఆ ఆకు తాజాగా దొరకడం కష్టం, సీసాల్లో ముద్దగా వస్తుంది, చాలాచోట్ల హాలపీన్యో మిరపకాయలు, కొత్తిమీర, వెల్లుల్లి, కొంచెం చీజ్ వేసి సరిపెడతారు. అలా చేసినా బాగుంటుంది. మనవాళ్ళు ఎక్స్‌ట్రా సాస్‌కి డబ్బులు అడిగారని రివ్యూలో రాయడం చూశాను, ఆ యాభై సెంట్ల కోసం దయచేసి స్టార్లు కోయకండి, అది నూరడానికి వాళ్ళకి ఖర్చవుతుంది. కారం చాలలేదనేవాళ్ళు మాత్రం ఒక పని చేయొచ్చు, నిమ్మకాయ ముక్క, పచ్చి ఉల్లిపాయ అడగండి. ఉల్లిపాయ, నిమ్మరసం, ఉప్పు వేసి కలిపిన సాల్సా క్రియోయా అని వాళ్ళదే ఒకటుంది, బోర్డు మీద లేకపోయినా లోపల ఉంటే ఇస్తారు. ముక్కకి పచ్చ సాస్ అద్ది, దాని మీద ఆ ఉల్లిపాయ పెట్టుకుని తింటే మా మావగారు పచ్చిమిరపకాయ అడగడం మానేశారు.

పక్కన ఏం తీసుకోవాలంటే వేయించిన యూకా, అంటే మన కర్రపెండలం. బయట కరకర, లోపల మెత్తగా, ఫ్రెంచ్ ఫ్రైస్ కంటే నాకు అదే ఇష్టం, పచ్చ సాస్‌కి బాగా కుదురుతుంది. కాకపోతే పెరూలో అసలు జోడీ బంగాళాదుంప ఫ్రైసే, పైగా బంగాళాదుంప పుట్టిందే ఆ ఆండీస్ కొండల్లో కాబట్టి వాళ్ళకి ఆ హక్కుంది. తాగడానికి "ఇన్కా కోలా" అని పసుపు రంగులో ఉంటుంది, 1935లో లిమాలో పుట్టిన డ్రింకు, పిల్లలకి నచ్చుతుంది, నాకు తీపి ఎక్కువ. చీచా మొరాదా దొరికితే వదలకండి. ఊదారంగు మొక్కజొన్నని అనాసపండు తొక్కలు, దాల్చినచెక్క, లవంగాలతో మరిగించి చల్లార్చి ఇస్తారు, మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ చికెన్ కంటే అదే గుర్తుండిపోయింది.

ఇంట్లో శాకాహారులు ఉంటే యూకా, పండు అరటికాయ వేపుడు, అన్నం, సలాడ్ ఉంటాయి గానీ మాంసం వేయించే ఫ్రయర్‌లోనే ఇవీ వేయిస్తారా అని, బీన్స్‌లో మాంసం లేదా పందికొవ్వు వేస్తారా అని ముందే అడగండి, షాపు షాపుకీ మారుతుంది. హలాల్ కూడా అంతే. కొన్ని పెరూ చికెన్ షాపులు హలాల్ అని బోర్డు పెట్టే అమ్ముతున్నాయి, బోర్డు లేకపోతే ఊహించుకోకుండా అడగడమే మంచిది.

డెలివరీ యాప్‌లో మాత్రం తెప్పించుకోకండి. వేడి ముక్కని మూత పెట్టిన డబ్బాలో పెడితే దాని ఆవిరికి అదే తడిసిపోతుంది, ఇంటికి వచ్చేసరికి చర్మం మెత్తబడి ఫ్రైస్ వాలిపోయి ఉంటాయి, అది తిని షాపుని తిడుతూ రాసే రివ్యూలు బోలెడు. అక్కడే కూర్చుని తినే వీలు లేకపోతే కనీసం మీరే వెళ్ళి తెచ్చుకుని, కార్లోనే డబ్బా మూత కొంచెం తెరిచి పెట్టండి. కారంతా వాసన పట్టేస్తుంది, పట్టనివ్వండి. మిగిలిన ముక్కలని మర్నాడు చేత్తో చీల్చి అల్లం, పచ్చిమిర్చి, ఉల్లికాడలు వేసి ఫ్రైడ్ రైస్ చేయండి, పెరూ వాళ్ళు కూడా ఈ చికెన్ పక్కన చైనా ఫ్రైడ్ రైస్, ఫ్రైస్ కలిపి "మోస్త్రితో" అనే పేరుతో తింటారు. ఎముకలు పారేయొద్దు, మిరియాలు జీలకర్ర వేసి గంటసేపు మరిగిస్తే ఆ పొగ వాసనతో చారు చాలా బాగుంటుంది.

చివరిగా పార్టీల సంగతి, ఎందుకంటే మనవాళ్ళకీ ఈ షాపులకీ ఎక్కువ గొడవలయ్యేది ఇక్కడే. పుట్టినరోజుకి ఇరవై కోళ్ళు కావాలని మధ్యాహ్నం ఫోన్ చేసి సాయంత్రానికి ఇమ్మంటే ఏ షాపువాడూ ఇవ్వలేడు, ఇచ్చాడంటే మసాలా పట్టనివి ఇచ్చినట్టు. రాత్రంతా నానాలి కాబట్టి రెండు రోజుల ముందు చెప్పండి, ముందు కొంత డబ్బు కట్టండి, ఏ టైంకి వస్తామని చెప్పారో ఆ టైంకే వెళ్ళండి. ఎనిమిది ముక్కలుగా కొట్టమని చెబితే కొడతారు, బఫేలో పెట్టడానికి నాలుగు ముక్కల కంటే అదే నయం. ట్రే మీద ఫాయిల్ బిగించి మూయొద్దని, మూలల్లో కొంచెం తెరిచి ఉంచమని అడగండి. పచ్చ సాస్ చిన్న కప్పుల్లో కాకుండా ఒకే పెద్ద డబ్బాలో తీసుకుంటే చవక, దాన్ని మాత్రం ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, చాలాచోట్ల అందులో మయొనీజ్ కూడా కలుపుతారు కాబట్టి రెండు గంటలకి మించి, ఎండాకాలం బ్యాక్‌యార్డ్‌లో 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే గంటకి మించి, బయట ఉంచకూడదు. ఆదివారం సాయంత్రం వద్దు, వాళ్ళకి ఊపిరాడని టైం అది, శనివారం మధ్యాహ్నం అయితే ఇరవై కోళ్ళయినా వేడిగా, అప్పుడే ఊచ మీద నుంచి దించినవే దొరుకుతాయి.